బోరు బండి నుంచి గాలిమర రెక్క దాకా.. పెద్ద వాహనం సైట్‌లోకి రావాలంటే దారి ఎవరు చూడాలి? ఏం కొలవాలి?

కర్నూలు నుంచి అనంతపురం వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ముందు ఎర్రజెండా కట్టిన జీపు, వెనక నత్తనడకన సాగే పొడవాటి ట్రైలర్, దాని మీద తెల్లటి గాలిమర రెక్క. కార్లు పక్కకు తప్పుకుంటాయి, కొందరు ఫోన్ తీసి వీడియో చేస్తారు. ట్రైలర్ హైవే మీద ఉన్నంతసేపూ పెద్ద చిక్కులుండవు. రోడ్డు వెడల్పు, వంతెనల బలం ఎవరో ఒకరు లెక్క చూసి ఉంటారు. హైవే దిగి ఆస్పరి, తుగ్గలి వైపు పల్లె రోడ్డు ఎక్కాకే చిక్కులు మొదలవుతాయి. వేపచెట్టు కొమ్మ, కిందికి జారిన కరెంటు తీగ, వంక మీద పాత చప్టా, ఊరి మధ్యలో ఇంటి అరుగు.. అన్నీ ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లలోనే ఎదురవుతాయి.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. ఇంటి స్లాబ్ కోసం పిలిపించే కాంక్రీటు లారీ, పొలంలోకి వచ్చే బోరు బండి, వీధి చివర కంకర దింపే టిప్పర్.. వీటన్నిటికీ ఇదే లెక్క. తేడా ఏమిటంటే, గాలిమర రెక్కకు రూట్ సర్వే చేస్తారు. బోరు బండికి ఎవరూ చేయరు.

మామూలు లారీ ఎంత? 'ఓడీసీ' ఎక్కడ మొదలవుతుంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వాహనాల కొలతలకు హద్దులు పెట్టాయి. 2020లో చేసిన మార్పుల ప్రకారం సరుకు లారీ వెడల్పు 2.6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. కంటైనర్లు మోసేవాటి వంటి కొన్నిటికి ఎత్తులో సడలింపు ఉంది. ఒకే చట్రంతో ఉండే లారీ 12 మీటర్లు, ఇంజిన్ వేరుగా ట్రైలర్ వేరుగా ఉండే బండి 18 మీటర్ల పైచిలుకు పొడవు ఉండొచ్చు. బరువుకు 2018 జులైలో కొత్త పరిమితులు వచ్చాయి. మూడు ఇరుసుల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నులు, ట్రైలర్ బండి గరిష్ఠంగా 55 టన్నులు.

ఈ కొలతలు దాటిన సరుకునే రవాణా వాళ్లు 'ఓడీసీ' అంటారు. భారీ పరిమాణం గల సరుకు అని అర్థం. విడదీసి మోయడానికి వీలుంటే విడదీయాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్, గాలిమర రెక్క, టర్బైన్ భాగాల లాంటివి ముక్కలు చేయలేం కాబట్టి ప్రత్యేక అనుమతి ఇస్తారు. అనుమతి లేకుండా సరుకు హద్దు దాటి పొడుచుకొస్తే మోటారు వాహనాల చట్టం 194(1ఏ) సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా ఉంటుంది. సరుకును సరిచేసే దాకా బండిని కదలనివ్వరు. బరువు ఎక్కువైతే 20,000 రూపాయలతో పాటు అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000 రూపాయలు కట్టాలి.

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఇలాంటి సరుకు ఎందుకింత ఎక్కువ? ఇక్కడి ఎండ, గాలి, రాయి.. ఈ మూడే కారణం. ఓర్వకల్లు ప్రాంతంలోని గని–శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు వచ్చింది. కర్నూలులో 765 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. అక్కడికి చేరే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కోటి వంద టన్నుల పైమాటే. ఇవి కాక ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి గనులు ఉన్నాయి. రోజూ వేల టన్నుల సరుకు కదిలే నేల ఇది.

ఒకే ప్రయాణం.. అయిదారు ఆఫీసులు

జాతీయ రహదారి మీద ఓడీసీ వెళ్లాలంటే కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. బండి ఇరుసులు, చక్రాలు, ఒక్కో ఇరుసు మీద పడే బరువు, బయలుదేరే చోటు, చేరే చోటు అన్నీ అందులో ఇవ్వాలి. దారిలోని వంతెనలు ఆ బరువు తట్టుకుంటాయా అన్నది చూసి అనుమతి ఇస్తారు. బరువు మరీ ఎక్కువైతే వంతెనలను విడిగా పరీక్షించాలి.

అయితే ఆ కాగితం హైవే వరకే. హైవే దిగిన దగ్గర నుంచి రాష్ట్ర రహదారి అయితే రోడ్లు, భవనాల శాఖ, గ్రామీణ రోడ్డయితే పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం చూడాలి. కాల్వ మీద వంతెన ఉంటే అది జలవనరుల శాఖది. కరెంటు తీగలు 33 కేవీ దాకా ఏపీఎస్పీడీసీఎల్ చేతిలో, 132 కేవీ నుంచి పైన ట్రాన్స్‌కో చేతిలో ఉంటాయి. రైల్వే గేటు దాటాలంటే రైల్వే డివిజన్ అనుమతి కావాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. కర్నూలు సిటీ స్టేషన్ హైదరాబాద్ డివిజన్‌లో ఉంది, కడప గుంతకల్ డివిజన్‌లో ఉంది. ఒకే సరుకు రెండు చోట్లా పట్టాలు దాటాల్సి వస్తే రెండు ఆఫీసుల గుమ్మం తొక్కాల్సిందే.

ఈ శాఖల మధ్య సమన్వయం చేసే ఒకే ఒక్క కిటికీ లేదు. దాంతో ఆ బాధ్యత సరుకు పంపే కంపెనీ నియమించుకున్న రవాణా కాంట్రాక్టర్ మీద పడుతుంది. మంచి కాంట్రాక్టర్ అయితే దారి పొడవునా తిరిగి, కిలోమీటర్ల వారీగా ఒక పట్టిక రాసుకుంటాడు. ఫలానా కిలోమీటరు దగ్గర ఏం అడ్డుంది, అది ఎవరిది, తీసేయాలా, ఎత్తాలా, పక్కనుంచి పోవాలా అన్నది అందులో ఉంటుంది. దాన్నే రూట్ సర్వే అంటారు. ఫోన్‌లో మ్యాప్ చూసి చేసేది రూట్ సర్వే కాదు. తీగ ఎంత ఎత్తున ఉందో, చప్టా ఎంత పాతదో మ్యాప్ చెప్పదు.

టోల్‌ప్లాజా దగ్గర కూడా వీటికి వేరే దారే. మామూలు లేన్‌లో పట్టవు కాబట్టి చివర వెడల్పాటి లేన్ ఒకటి వదులుతారు. ఆ లేన్‌కు అడ్డంగా కారు ఆపితే వెనక వచ్చే వంద టన్నుల బండికి వేరే మార్గం లేదని గుర్తుంచుకోవాలి.

తీగ నిబంధన ప్రకారమే ఉంది.. మరి ప్రమాదం ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసే అవకాశం ఉన్నది ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం, రోడ్డును అడ్డంగా దాటే 11 కేవీ, 33 కేవీ తీగ నేల నుంచి కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఇళ్లకు వెళ్లే మామూలు తీగ అయితే 5.8 మీటర్లు. రోడ్డు వెంట పక్కగా సాగే తీగకు కొంచెం తక్కువైనా ఒప్పుకుంటారు. మరి రోడ్డు కాని చోట, అంటే పొలాల్లో, బీళ్లలో? అక్కడ తొడుగు లేని 11 కేవీ తీగ 4.6 మీటర్ల ఎత్తులో ఉంటే చాలు.

ఆ 4.6 అంకె దగ్గర ఆగి ఆలోచించండి. రాయలసీమలో సోలార్ ప్లాంటైనా, క్వారీ అయినా, కొత్త వెంచరైనా నిన్నటిదాకా పొలమే. తీగ లాగినప్పుడు కింద వేరుశనగో కందో ఉండేది. ఎద్దుల బండి, ట్రాక్టర్ తప్ప ఏమీ వచ్చేవి కావు. 4.6 మీటర్లు సరిపోయింది, చట్టానికీ సరిపోయింది. ఇవాళ అదే తీగ కింద నుంచి సైట్‌కు మట్టిరోడ్డు వేశారు. 4 మీటర్ల ఎత్తు లారీ దాని కింద దూరితే మధ్యలో మిగిలేది 60 సెంటీమీటర్లు. లారీ గుంతలో దిగి లేచినా, పైన టార్పాలిన్ కట్టే మనిషి నిలబడినా ఆ ఖాళీ మాయమవుతుంది. పొలం దారిగా మారిన రోజునే తీగ ఎత్తు పెంచమని డిస్కంకు దరఖాస్తు పెట్టాలి. చాలాచోట్ల జరగనిది ఇదే. దారి వేసినవాడు దారి గురించే ఆలోచిస్తాడు, తలెత్తి చూడడు.

పైగా కరెంటుకు తాకాల్సిన పని కూడా లేదు. వోల్టేజీ పెరిగే కొద్దీ గాలిలో నుంచే దూకుతుంది. అందుకే అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు 50 కేవీ దాకా ఉన్న తీగకు క్రేన్‌లోని ఏ భాగమూ 10 అడుగుల లోపు వెళ్లకూడదంటాయి. బ్రిటన్‌లో అయితే తీగకు రెండు వైపులా అడ్డంగా 6 మీటర్ల దూరంలో కంచె కట్టి, బండి దాటాల్సిన చోట మాత్రం రెండు స్తంభాలు, పైన అడ్డకర్రతో 'గోల్‌పోస్ట్' పెట్టమంటారు. అడ్డకర్రకు తగిలితే చెక్క విరుగుతుంది, మనిషి బతుకుతాడు. మన దగ్గర దీనికి ఖర్చు రెండు సర్వీ కర్రలు, ఒక తాడు, నాలుగు ఎర్ర గుడ్డపీలికలు. అయినా కనిపించడం అరుదు.

ఇంకో సంగతి. ఎండకు తీగ సాగుతుంది. జనవరి పొద్దున కొలిచిన ఎత్తు మే నెల మిట్టమధ్యాహ్నం ఉండదు. కర్నూలు, కడపలో ఎండ 42, 43 డిగ్రీలు దాటే రోజుల్లో, మోటార్ల లోడు కూడా తోడైతే తీగ మధ్య భాగం ఇంకా కిందికి దిగుతుంది. కాబట్టి సర్వే చల్లటి పూట చేస్తే ఆ తేడాను కలుపుకోవాలి. కొలిచేది కూడా లేజర్ మీటరుతోనో, డిస్కం సిబ్బంది దగ్గర ఉండే ఇన్సులేటెడ్ కర్రతోనో అయ్యుండాలి. ఇనుప టేపు, అల్యూమినియం నిచ్చెన, పచ్చి వెదురు బొంగు పైకెత్తి కొలవడం ఆత్మహత్యతో సమానం.

కొలిచాక చాలదనిపిస్తే రెండు దార్లు. ఒకటి, స్తంభం మార్చి తీగ ఎత్తించడం. దానికి డిస్కం అంచనా వేస్తుంది, డబ్బు కట్టాలి, రోజులు పడతాయి. రెండోది, బండి దాటే కాసేపు సరఫరా ఆపించడం. లైన్‌మెన్ల భాషలో 'ఎల్‌సీ తీసుకోవడం', అంటే లైన్ క్లియర్. ఎల్‌సీని సబ్‌స్టేషన్ నుంచి అధికారికంగా తీసుకోవాలి. తెలిసిన లైన్‌మన్‌కు ఫోన్ చేసి 'అన్నా, ఒక్క పది నిమిషాలు ఆపు' అనడం ఎల్‌సీ కాదు. ఒక ఫీడర్ అనుకుని ఇంకో ఫీడర్ ఆపినా అడిగేవాడు ఉండడు, రాతలో ఆధారమూ ఉండదు. రాడ్లు, పైపుల లాంటి పొడవాటి సామాను తీగల కిందుగా తీసుకెళ్లాల్సి వస్తే బాధ్యుడైన వ్యక్తి పర్యవేక్షణలోనే చేయాలని నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

ఎత్తు లెక్క తప్పితే ఏమవుతుందో చూడటానికి ఫ్యాక్టరీ దాకా పోనక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో ఉగాది వేడుకల్లో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో రథం కరెంటు తీగకు తగిలి పది మందికి పైగా పిల్లలు గాయపడ్డారు. రథమైనా, టిప్పర్ తొట్టి అయినా తీగకు తేడా తెలియదు.

రైల్వే గేటు దగ్గర ఆ కమ్మీ ఎందుకు?

విద్యుదీకరణ జరిగిన మార్గంలో గేటుకు రెండు వైపులా అడ్డంగా కట్టిన కమ్మీ కనిపిస్తుంది. దాని ఎత్తు 4.67 మీటర్లు. దానికి తగలకుండా వెళ్లగలిగిన బండి పైనున్న 25 కేవీ తీగకు సురక్షితమైన దూరంలో ఉన్నట్టు. గాలిమర స్తంభం అడుగు ముక్క వ్యాసమే 4 మీటర్లు దాటుతుంది, ట్రైలర్ మీద పెడితే మొత్తం ఎత్తు 5 మీటర్లకు అటూ ఇటూ అవుతుంది. అంటే ఆ గేటు దాటాలంటే రైల్వే ముందే సరఫరా ఆపి సమయం కేటాయించాలి. లేదంటే వేరే దారి వెతుక్కోవాలి.

హైవే కింద నుంచి వెళ్లే అండర్‌పాస్‌లన్నీ ఒకే ఎత్తు ఉండవు. పెద్ద వాహనాలకు కట్టినవి 5.5 మీటర్లు, తేలికపాటి వాహనాలకు కట్టినవి 4 మీటర్లే, పాతవి అంతకంటే తక్కువ కూడా ఉంటాయి. బోర్డు మీద రాసిన అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. తారు మీద తారు వేసుకుంటూ పోతే ప్రతిసారీ రోడ్డు నాలుగైదు సెంటీమీటర్లు లేస్తుంది. బోర్డు మాత్రం అలాగే ఉంటుంది.

ఎత్తు ఒక్కటే కాదు, కడుపు కూడా తగులుతుంది. పొక్లెయిన్ మోసే లోబెడ్ ట్రైలర్ నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 9 మీటర్లు ఉండి, రెండు వైపులా 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరిగే దిబ్బను దాటుతోందనుకుందాం. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి దిబ్బ శిఖరం చక్రాల మట్టం కన్నా 22.5 సెంటీమీటర్లు పైకి ఉంటుంది. ట్రైలర్ కింద ఖాళీ 20 సెంటీమీటర్లే అయితే కడుపు నేలకు ఆనుతుంది, చక్రాలు పట్టు తప్పుతాయి. అది రైల్వే గేటు మధ్యలో జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మలుపులో ఏం జరుగుతుంది?

స్కూటర్ మలుపు తిరిగితే వెనక చక్రం దాదాపు ముందు చక్రం జాడలోనే వస్తుంది. పొడవాటి బండికి అలా కుదరదు. వెనక చక్రాలు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ముందు ఇరుసు 15 మీటర్ల వ్యాసార్ధంతో వలయంగా తిరిగే బండికి రెండు ఇరుసుల మధ్య దూరం 12 మీటర్లయితే, వెనక ఇరుసు తిరిగే వలయం వ్యాసార్ధం 9 మీటర్లే. అంటే 6 మీటర్లు లోపలికి. వీధి మలుపులో ఆ 6 మీటర్లలో ఏముంటుంది? డ్రెయినేజీ బండలు, అరుగు, టీ బంకు, బంకు ముందు నిలబడ్డ మనుషులు. డ్రైవర్ కళ్లు ముందువైపే ఉంటాయి. ముందు భాగం బయటపడింది కదా అనుకుంటాడు.

గాలిమర రెక్క విషయంలో దీనికి తోడు ఇంకోటి. ఇప్పుడు వస్తున్న మూడు మెగావాట్ల తరగతి గాలిమరల్లో రెక్క ఒక్కటే 70 మీటర్ల వరకు ఉంటుంది. దాని కొస ట్రైలర్ వెనక చక్రాలు దాటి గాల్లోకి వేలాడుతుంటుంది. బండి ఎడమకు తిరిగితే కొస కుడివైపుకు ఊడ్చుకుంటూ పోతుంది. చక్రాలు లోపలికి, కొస బయటికి. మలుపు రెండు వైపులా ఖాళీ కావాలన్నమాట. అందుకే ట్రైలర్ వెనక ఇరుసులను తిప్పడానికి రిమోట్ పట్టుకున్న మనిషి పక్కనే నడుస్తుంటాడు. చైనా, యూరప్ కొండ ప్రాంతాల్లో రెక్క మొదలును గట్టిగా పట్టుకుని కొసను ఆకాశం వైపు పైకెత్తే యంత్రం వాడుతున్నారు. అప్పుడు మలుపులో స్థలం తక్కువ పడుతుంది. కానీ పైన తీగ ఉంటే ఆ ఉపాయం పనికిరాదు.

మలుపు చాలకపోతే పక్క పొలంలో కొంత భాగం తాత్కాలికంగా చదును చేస్తారు. రైతు ఒప్పుకుంటేనే, రాతపూర్వకంగానే అది జరగాలి. ఎన్ని రోజులు, ఎంత పరిహారం, తర్వాత మట్టి తీసి మళ్లీ సాగుకు పనికొచ్చేలా చేసేది ఎవరు అన్నవి ముందే తేల్చుకోవాలి. కంకర కలిసిన రేగడి మళ్లీ రేగడి కావడానికి ఏళ్లు పడుతుంది.

రేగడి అన్నాం కాబట్టి ఆ మాటా చెప్పాలి. నంద్యాల వైపు, కర్నూలు పడమటి మండలాల్లో నల్లరేగడి నేల ఎండాకాలం రాయిలా ఉంటుంది. లారీ పోయినా జాడ పడదు. ఒక్క గట్టి వాన పడితే అదే నేల బంకలా మారి ఇరుసు దాకా మింగేస్తుంది. మార్చిలో సర్వే చేసి 'రోడ్డు బాగుంది' అని రాసి, సెప్టెంబరులో సరుకు పంపితే ఆ కాగితానికి విలువ లేదు.

వంతెన మోస్తుందా?

భారత రోడ్ల కాంగ్రెస్ ఆరో నంబరు కోడ్‌లో 385 టన్నుల ప్రత్యేక వాహనం లెక్క ఒకటి ఉంది. కొత్త పెద్ద వంతెనలకు ఆ బరువును కూడా లెక్కలోకి తీసుకుంటారు. అయితే షరతులు చూడండి. బండి గంటకు 5 కిలోమీటర్ల వేగం మించకూడదు. వంతెన నట్టనడుమ గీత మీదే, 30 సెంటీమీటర్ల కంటే ఎక్కువ పక్కకు జరగకుండా వెళ్లాలి. ఆ సమయంలో వంతెన మీద వేరే వాహనం ఉండకూడదు, బ్రేకు వేయకూడదు. పోలీసులు రెండు వైపులా ట్రాఫిక్ ఆపితే జనం విసుక్కునేది ఈ పది నిమిషాల కోసమే. ఆ పది నిమిషాల్లో సందు చూసుకుని బైక్ దూర్చేవాళ్లు ఇంజినీర్ లెక్కలో లేని బరువు.

పాత వంతెనలకు ఆ లెక్క ఉండదు. కేసీ కాల్వను పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. దాని మీద, దాని పిల్లకాల్వల మీద ఉన్న చిన్న వంతెనల్లో కొన్ని ఎప్పటివో అక్కడి వృద్ధులకు కూడా గుర్తుండదు. అలాంటివాటి మీద బరువు పరిమితి బోర్డు కూడా ఉండదు చాలాసార్లు. బోర్డు లేదంటే ఎంతైనా మోస్తుందని కాదు. జలవనరుల శాఖ ఏఈని అడగాలి, అవసరమైతే పక్కన తూములు వేసి తాత్కాలిక దారి చేసుకోవాలి.

ఉన్న వంతెన రేపు ఉంటుందన్న భరోసా కూడా ఎప్పుడూ ఉండదు. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాగ్ని మీది వంతెన కూలింది. కడప నుంచి తాడిపత్రి వైపు వెళ్లే దారి అది. వాహనాలన్నిటినీ వేరే దార్లకు మళ్లించాల్సి వచ్చింది. భారీ బండ్లు అలా మళ్లినప్పుడు వాటి బరువు మోయాల్సింది ఎవరూ లెక్క చూడని ఊరి రోడ్లే. అందుకే రూట్ సర్వేలో రెండో దారి ఒకటి తప్పక ఉండాలి, దాన్నీ మొదటిదానిలాగే కొలిచి ఉండాలి.

సైట్ లోపలికి వచ్చాక

గేటు దాటాక పని అయిపోయిందనుకుంటారు. కానీ సైట్‌లో బండి మనుషుల మధ్య తిరుగుతుంది. ఒక వైపు నుంచి వచ్చి, దింపి, ఇంకో వైపు నుంచి వెళ్లేలా దారి వేస్తే రివర్స్ చేయాల్సిన అవసరమే తగ్గుతుంది. రివర్స్ తప్పనిసరి అయితే డ్రైవర్‌కు అద్దంలో కనిపించే చోట ఒక్కడే సిగ్నల్ ఇచ్చే మనిషి ఉండాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి 'రా రా రా' అని అరుస్తుంటే డ్రైవర్ ఎవరి మాట వినాలి? కూలీలు నడిచే దారి వేరు, బండ్ల దారి వేరు. మధ్యాహ్నం నీడ కోసం నిలిపి ఉన్న టిప్పర్ కింద పడుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఎండను తప్పుబట్టలేం. కాబట్టి నీడకు ఒక రేకుల షెడ్డు వేయడం కూడా రవాణా భద్రతలో భాగమే.

గనుల్లో దారి ఏటవాలు మామూలుగా 16 మీటర్లకు ఒక మీటరు దాటకుండా చూస్తారు, కొద్ది దూరాలకు 10కి ఒకటి దాకా ఒప్పుకుంటారు. లోయ వైపు అంచున మట్టికట్ట పోయాలి. అది ఎంత ఎత్తుండాలన్నదానికి అమెరికా గనుల్లో ఒక తేలిక గుర్తు ఉంది. ఆ దారిలో తిరిగే అతిపెద్ద బండి ఇరుసు మధ్య దాకా. అంతకంటే తక్కువైతే చక్రం ఎక్కి అవతలకు దొర్లుతుంది.

ఏ బండి ఎక్కడ ఆగాలన్నది కూడా దారి ప్రణాళికలో భాగమే అని చెప్పడానికి రెండు చేదు ఉదాహరణలు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. 2018 ఆగస్టులో ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో, 2021 మే నెలలో కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర క్వారీలో పేలుళ్లు జరిగాయి. రెండు చోట్లా కూలీలు బలయ్యారు. మామిళ్లపల్లెలో వాహనం నుంచి పేలుడు పదార్థాలు దింపుతుండగా అది జరిగింది. పేలుడు సామాను తెచ్చే వాహనానికి వేరే దారి, వేరే సమయం, దింపే చోట పనికి అవసరమైనవాళ్లు తప్ప ఇంకెవరూ లేకపోవడం.. ఇవి కాగితం మీద ఉంటే చాలవు.

ఇంకొకటి సైట్ బయటిది. లోపల చోటు లేక టిప్పర్లు, సిమెంటు లారీలు హైవే పక్కనే బారులు తీరుతాయి. రాత్రిపూట వెనక లైటు లేకుండా నిలిపిన లారీ కంటే ప్రమాదకరమైనది హైవే మీద ఏదీ లేదని పోలీసులే చెబుతుంటారు. రోజుకు ఎన్ని బండ్లు వస్తాయో సైట్ వాళ్లకు తెలుసు. అవి వేచి ఉండే స్థలం గేటు లోపల చూపించాకే పని మొదలుపెట్టాలి.

మీ ఇంటి ముందుకు వస్తుంటే

కాంక్రీటు లారీని కర్నూలు పాతబస్తీలోకో, కడప ఏడు రోడ్ల కూడలి వెనక వీధుల్లోకో పిలుస్తున్నారా? ముందు రోజు అరగంట కేటాయించండి. నిండు లోడుతో అది పాతిక టన్నులకు పైనే ఉంటుంది. దారిలో డ్రెయిన్ మీద పరిచిన బండలు, సెప్టిక్ ట్యాంకు మూత, ఇటీవల పైపులైన్ కోసం తవ్వి పూడ్చిన కందకం ఎక్కడున్నాయో చూసి సున్నంతో గుర్తు పెట్టండి. మలుపు దగ్గర బైకులు, ఆటోలు తీయించండి. లారీ రాలేని వీధి అయితే పైపు పంపు పెట్టించుకోవడమే మేలు. బూమ్ పంపు పిలిస్తే దాని చెయ్యి ఎటువైపు తిరుగుతుందో, అటు తీగలున్నాయో లేదో ఆపరేటర్‌తో కలిసి చూడండి.

బోరు బండి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రాయలసీమలో బోరు వేయని వీధి, వేయని పొలం ఉండదు. వాల్టా చట్టం ప్రకారం రిగ్గుకు రిజిస్ట్రేషన్, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. అవి చూసినట్టే పైనున్న తీగనూ చూడాలి. 20 అడుగుల రాడ్డును నిలబెట్టి దించే మాస్ట్ అంతకంటే ఎత్తే ఉంటుంది. అంటే పొలంలో 4.6 మీటర్ల ఎత్తున ఉన్న 11 కేవీ తీగకు చాలా పైకి లేస్తుంది. నీళ్ల పాయింటు చూసే ఆయన టెంకాయ నిలబడిందనో, పుల్ల తిరిగిందనో తీగ కిందే గుర్తు పెట్టాడనుకోండి, పాయింటును జరపడమే మార్గం. తీగను జరపమని డిస్కంను అడిగితే టైమ్ పడుతుంది. 'ఈ ఒక్కసారికి' అని మాస్ట్ ఎత్తితే ముందు పోయేది రాడ్లు పట్టుకునే కుర్రాడి ప్రాణం. ఆ పనికి ఎక్కువగా వచ్చేది బతుకుతెరువు కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలే.

కంకర, ఇసుక దింపే టిప్పర్‌ది కూడా ఇదే లెక్క. వచ్చేటప్పుడు తీగ కింద సులువుగా పట్టినా, తొట్టి లేపాక ఎత్తు 6 మీటర్లు దాటిపోతుంది. దింపే చోటు తీగకు దూరంగా చూపించండి. దింపాక తొట్టి పూర్తిగా దిగిందాకా బండి కదలనివ్వొద్దు.

తీగ తగిలితే ఏం చేయాలి?

డ్రైవర్ క్యాబిన్‌లోనే కూర్చోవాలి. దిగే ప్రయత్నంలో ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి బండి మీద ఉన్న క్షణంలోనే కరెంటు ఒంట్లోంచి పారుతుంది. వీలైతే బండిని మెల్లగా వెనక్కో ముందుకో నడిపి తీగ నుంచి విడిపించాలి. బయట ఉన్నవాళ్లు ఎవరూ బండిని ముట్టుకోకూడదు, కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. చుట్టూ నేలలోనూ కరెంటు పారుతుంటుంది. వెంటనే 1912కు ఫోన్ చేసి స్తంభం మీద రాసిన నంబరో, దగ్గరి గుర్తో చెప్పి సరఫరా ఆపించాలి. దెబ్బతిన్నవాళ్లుంటే 108. సరఫరా ఆగిందని డిస్కం సిబ్బంది చెప్పేదాకా, తీగలో మెరుపులు ఆగాయి కదా అని దగ్గరికి పోకూడదు. ఫీడర్ దానంతటదే మళ్లీ ఆన్ కావచ్చు.

బండికి మంటలంటుకుంటే మాత్రం లోపల ఉండటానికి లేదు. రెండు కాళ్లూ దగ్గర పెట్టుకుని, బండిని ముట్టుకోకుండా బయటికి దూకాలి. ఆ తర్వాత పరుగెత్తకూడదు. రెండు పాదాలూ కలిపి చిన్న చిన్న గెంతులతోనో, పాదం పాదం ఆనించి జరుపుకుంటూనో దూరం పోవాలి. పెద్ద అంగ వేస్తే ఒక పాదం దగ్గర ఒక వోల్టేజీ, ఇంకో పాదం దగ్గర ఇంకో వోల్టేజీ ఉంటుంది. ఆ తేడాయే చంపుతుంది.

హైవే మీద ఓడీసీ బండి దారికి అడ్డంగా నిలిచిపోయినా, లైట్లు లేకుండా లారీ ఆగి ఉన్నా 1033కు చెప్పొచ్చు. మీ వీధిలో, పొలంలో తీగ కిందికి వేలాడుతుంటే 1912లో ఫిర్యాదు నమోదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. కంకర టిప్పర్‌నో బోరు బండినో పిలిచే రోజుకు ముందు అది సరైందో లేదో ఆ నంబరుతోనే మళ్లీ అడగొచ్చు.